పొగ కనబడని గొట్టం

మంచుతుఫానుకు కొండ మీది కరెంటు టవర్లు ఒకదాని వెనక ఒకటి ఒరిగిపోయాయి. మా ఆయన లైన్‌మ్యాన్. కబురు రాగానే బూట్లు తొడుక్కుని, "అమ్మని చూసుకో, నాన్నతో పోట్లాడకు" అని రెండు ముక్కలు చెప్పి లారీ ఎక్కాడు. మొదటిది నా చేతిలో పనే. రెండోదే కష్టం.

మా మామయ్య బొగ్గు ఇంజన్లు నడిపిన ఆఖరి తరం డ్రైవరు. ఊరంతా ఆయన్ని ఇంజనాయన అనేది. ఆయన మాట్లాడితే కూత వేసినట్టు ఉండేది. ఎదుటివాళ్ళ మాట ఆ కూతలో కొట్టుకుపోయేది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన నన్ను చాలా పనులు చెయ్యమన్నాడు గానీ, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకేం తెలుసో, ఏం తెలియదో ఆయనకు అవసరం పడలేదు.

అత్తయ్యది ఊపిరితిత్తుల జబ్బు. చలి తగిలితే ఆయాసం, పొగ తగిలితే అంతకు రెట్టింపు ఆయాసం. ఇన్నేళ్ళూ కరెంటు హీటరు పక్కన కూర్చుని చలికాలాన్ని నెట్టుకొచ్చింది. ఇప్పుడా హీటరు మూలన నోరు మూసుకు కూర్చుంది. నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో సానయంత్రం కూడా ఆగిపోయింది. ఓనరు షట్టరు దించి, కరెంటు వచ్చాక కబురు చేస్తానన్నాడు. అలా ముగ్గురం ఇంట్లో పడ్డాం.

"దిగులెందుకు? నేనున్నానుగా" అన్నాడు మామయ్య.

పెరటి షెడ్డులో, తలుపుకి అద్దం ఉన్న ఎప్పటిదో ఇనప పొయ్యి ఉంది. దాన్ని తనే ఈడ్చుకొచ్చి ముందుగదిలో, గోడలోని పాత పొగగొట్టం దగ్గర నిలబెట్టాడు. రేకు గొట్టం బిగించాడు. గోడలోని గొట్టాన్ని దులిపి ఎన్నాళ్ళయిందని అడిగాను.

"అమ్మాయ్, నిప్పు సంగతి నాకు చెప్పకు. నిప్పు వెనకాల నిలబడి సగం దేశం తిరిగాను" అన్నాడు.

తుఫానుకు పడిపోయిన చెట్లు వీధి నిండా ఉన్నాయి. ఆయన గొడ్డలి పట్టుకెళ్ళి పచ్చిమొద్దులు కొట్టి తెచ్చి పొయ్యి నిండా కుక్కాడు. ఆ కట్టెలు మండటం మానేసి చివర్ల నుంచి నురగలు కక్కుతూ చుయ్యిమని ఏడిచాయి. గదిలో పొగ. అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆయన చిన్నబుచ్చుకుంటాడని దగ్గును కూడా మింగేది.

"పొగ లేకుండా నిప్పెక్కడైనా ఉంటుందటే? కాసేపట్లో సర్దుకుంటుంది" అనేవాడు ఆయన.

సర్దుకునేది కాదు. చీకటిపడ్డాక ఆయన ఇంకో పని చేసేవాడు. కట్టెలు తెల్లారేదాకా నిలవుండాలని పొయ్యి నిండా మొద్దులు పెట్టి, గాలి వెళ్ళే మూత పూర్తిగా బిగించేసేవాడు. మంట చచ్చి మొద్దులు లోలోపలే కుములుతూ ఉండేవి. పొద్దున లేచేసరికి ముగ్గురికీ తలనొప్పి. నీళ్ళ కోసం పెరట్లోకి వెళితే నా తలనొప్పి ఇట్టే పోయేది. లోపలికొస్తే మళ్ళీ పట్టుకునేది. ఆ మాటే అంటే మామయ్య, "చలికి నరాలు బిగుసుకుంటాయి" అని తేల్చేశాడు.

డాక్టరమ్మ అత్తయ్యను చూడ్డానికి వచ్చిన పొద్దున గుమ్మంలోనే ఆగిపోయింది. బ్యాగు కూడా దించకుండా తిన్నగా వెళ్ళి కిటికీ తెరిచింది.

"తలనొప్పులొస్తున్నాయా మీకు?" అంది.

"వస్తున్నాయి" అన్నాను.

"ఎవరెవరికి?"

"అందరికీ."

"దేవుడు చల్లగా చూశాడనుకోండి" అని ఆవిడ మామయ్య వైపు తిరిగింది. "కట్టె సరిగ్గా కాలకపోతే వాసన కూడా లేని విషం వస్తుందండీ. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఇక ఈవిడ సంగతా? ఇంకొన్నాళ్ళు ఈ పొగలో ఉంటే నేను చేసేదేం ఉండదు. వచ్చేవారం వస్తాను. అప్పటికి గది వెచ్చగానూ ఉండాలి, పొగా ఉండకూడదు. లేదంటే చలికాలం గడిచేదాకా ఆసుపత్రి వార్డులోకి మార్చేస్తాను."

ఆవిడ వెళ్ళాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఆ వార్డులోకి వెళ్ళిన మా అక్క మళ్ళీ ఇంటి గుమ్మం తొక్కలేదే. నన్ను పంపకండర్రా."

మామయ్య ఆ మాట విననట్టు బూట్లు తుడుచుకున్నాడు. కానీ విన్నాడు. అది మర్నాడు తెలిసింది.

మర్నాడు పొద్దున నేను పెరట్లో బకెట్లో నీళ్ళు నింపుతుంటే లోపలి నుంచి ఆయన గొంతు. "పొగ వద్దన్నదిగా డాక్టరమ్మ! ఇదిగో, పొగంతా పైకి లాగేస్తా చూడు!"

బకెట్టుతోనే వెళ్ళి చూస్తే పొయ్యి నిండా పగలగొట్టిన పాత కుర్చీల చెక్కలు. గాలి మూతా తెరిచే ఉంది, పొయ్యి తలుపూ తెరిచే ఉంది. మంట నాలుకలు గొట్టంలోకి ఎగబాకుతున్నాయి. ఇన్నాళ్ళూ కట్టెలు కుమిలిన పొగంతా ఆ గొట్టం లోపల తారులా పేరుకుని ఉందని మాకప్పటికి తెలియదు. ముందు గాలి ఈలలా వినిపించింది. తర్వాత అది హోరయింది. గోడలోంచి, పైకప్పులోంచి, ఇల్లంతా ఊగుతున్నట్టు హోరు.

మామయ్య మొహం వెలిగిపోయింది. "విను, విను! ఎంత బాగా పీలుస్తోందో! ఇంజను ఎత్తు ఎక్కేటప్పుడు అచ్చం ఇలాగే..."

రేకు గొట్టం మొదలు ఎర్రబడుతోంది.

"మామయ్యా, గొట్టం లోపల అంటుకుంది" అన్నాను.

ఆయన చూశాడు. మొహంలో వెలుగు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు మారిపోయాయి. ఇంజనులో ఆ హోరు పెరిగేకొద్దీ బండి ముందుకెళ్ళేది. ఇక్కడ ముందుకెళ్ళడానికి ఏమీ లేదు. ఆయన గబుక్కున నా చేతిలోని నీళ్ళ బకెట్టు అందుకున్నాడు.

"వద్దు! నీళ్ళు వద్దు!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు. కాలుతున్న గాజును నీళ్ళలో ముంచితే ఏమవుతుందో దుకాణంలో చూసినదాన్ని. ఎర్రగా కాలిన ఇనుము మీద, గోడలోని ఇటుకల మీద చన్నీళ్ళు పడితే అంతే, పగులుతాయి. బకెట్టు లాక్కుని కింద పెట్టి, తడిగుడ్డ కాకుండా తోలు తొడుగు చేతికి తొడుక్కుని పొయ్యి తలుపు మూసేశాను. గాలి మూత తిప్పి బిగించేశాను. మంటకు ఊపిరి అందకూడదు, అంతే.

"అత్తయ్యని బయటికి తీసుకురండి!" అన్నాను.

ఆయన మారుమాట్లాడకుండా కుర్చీతో సహా అత్తయ్యని ఎత్తాడు. గోడ అవతలి నుంచి పక్కింటి దర్జీ పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. నేను ఫోనులో ఫైర్‌స్టేషనుకి చెబుతూ వాళ్ళ వెనకే వీధిలోకి వచ్చాను. పైకి చూస్తే మా ఇంటి పొగగొట్టం నోట్లోంచి నిప్పురవ్వలు తారాజువ్వల్లా ఎగురుతున్నాయి. వీధి వీధంతా మంచులో నిలబడి చూస్తోంది. అత్తయ్యకు నా దుప్పటి, మామయ్య కోటు, దర్జీ కుట్టడానికి తెచ్చుకున్న ఎవరిదో ఓవర్‌కోటు, అన్నీ కప్పాం.

ఫైరింజను వచ్చేసరికి హోరు తగ్గింది. వాళ్ళు అటకెక్కి, గోడలు చేత్తో తడిమి, ఇటుకలు ఎక్కడెక్కడ వేడెక్కాయో చూశారు. వాళ్ళ పెద్దాయన దిగొచ్చి, "తలుపు మూసింది ఎవరు?" అనడిగాడు.

 దర్జీ నా వైపు చూపించాడు.

"ఇల్లు దక్కించావమ్మా" అని, "గొట్టం శుభ్రం చేయించి, పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూపించేదాకా అగ్గిపుల్ల కూడా గియ్యకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అత్తయ్యను దర్జీవాళ్ళింట్లో ఉంచాం. వాళ్ళింట్లోనూ చలే. కాకపోతే మనుషులెక్కువ కాబట్టి కాస్త వెచ్చన. అయినా ఆవిడకు ఆయాసం పెరిగిపోయింది. మాట పూర్తయ్యేలోపు రెండుసార్లు ఆగేది. మామయ్య ఇంట్లోకి రావడం మానేసి పెరట్లో గొడ్డలితో కట్టెలు చీల్చుకుంటూ ఉండిపోయాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, తినేవాడు, వెళ్ళేవాడు. కూత లేని ఇల్లు ఇంత బోసిగా ఉంటుందని నేననుకోలేదు.

పొగగొట్టాలు దులిపే ఆవిడ మూడు వీధుల అవతల ఉంటుంది. పొడుగాటి మనిషి, చెవుల దాకా మసి, మాట మాటకీ నవ్వు. ఇంటి మీదెక్కి కడ్డీకి కట్టిన బ్రష్షు దించింది. కిందికి రాలిందంతా పళ్ళెంలో పోసుకొచ్చి నా ముందు పెట్టింది. నల్లగా, గాజులా మెరుస్తున్న పెంకులు.

"చూడమ్మా, ఇదీ మీ పచ్చికట్టెల ప్రసాదం. మిగిలింది కూడా అంటుకుని ఉంటే ఇవాళ నేను గొట్టం దులపడానికి కాకుండా పరామర్శకి వచ్చేదాన్ని" అంది. గొట్టంలో దీపం దించి చూసింది. ఇటుకలు పగల్లేదు. రేకు గొట్టం మాత్రం మార్చమంది. "ఇకనుంచి ఏటా చలికి ముందు నన్ను పిలవండి. నేను రాకపోతే ఇంకొకళ్ళని పిలవండి. పిలవడం మాత్రం మానకండి."

పెరట్లో గొడ్డలి చప్పుడు ఆగింది. మామయ్య అక్కడి నుంచే వింటున్నాడు.

నాకు ఎండుకట్టెలు కావాలి. ఊళ్ళో అందరిదగ్గరా పచ్చివే. వెతగ్గా వెతగ్గా షెడ్డు వెనక చూరు కింద ఒక పేర్పు కనబడింది. ఎప్పుడో మా ఆయన కొట్టి పేర్చినవి. బూడిదరంగు తిరిగి, చివర్లు చీలికలు పడి ఉన్నాయి. మామయ్య వాటిని సత్తువ పోయిన కట్టెలని ముట్టుకోలేదు. రెండు తీసి ఒకదానితో ఒకటి కొట్టాను. టంగుమన్నాయి. పచ్చిమొద్దులు రెండు కొట్టి చూస్తే ధబ్బుమన్నాయి. ఆ చప్పుడు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

కొత్త రేకు గొట్టం బిగించి, పొయ్యి చుట్టూ ఉన్నవన్నీ తీసేశాను. బట్టలారేసే తాడు, అత్తయ్య ఈతచాప, మామయ్య పాత పేపర్ల కట్ట. కింద రాతిపలక పరిచాను. బూడిద ఎత్తడానికి మూతున్న ఇనప బకెట్టు తెచ్చి బయట బండ మీద పెట్టాను. సామాన్ల కొట్టు నుంచి విషవాయువు వస్తే అరిచే బ్యాటరీ డబ్బా ఒకటి తెచ్చి గోడకు బిగిస్తుంటే మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"అదెందుకు? ఈ ఇంట్లో అరవడానికి నేను చాలనా?"

దర్జీ చెయ్యి పట్టుకుని అప్పుడే లోపలికొస్తున్న అత్తయ్య, ఆగి ఊపిరి తీసుకుని అంది. "మీరు అరిచేది... అంతా అయ్యాకండీ."

దర్జీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మామయ్య కూడా నవ్వబోయి మానుకున్నాడు.

కిటికీ వేలెడు సందుగా తెరిచి పొయ్యి వెలిగించాను. మొదటిసారి పొగంతా గదిలోకే తన్నింది.  అత్తయ్యని మళ్ళీ గుమ్మం దాటించి, ఆర్పేసి, కూర్చుని ఆలోచించాను. గొట్టం మంచులా చల్లగా ఉంది. చల్లగాలి బరువుగా దిగి కూర్చుంటే పొగ ఎలా ఎక్కుతుంది? ఈసారి కట్టెలు కింద పేర్చి, చితుకులు వాటి మీద పెట్టాను. గొట్టం మొదట్లో ఒక కాగితం చుట్ట వెలిగించి పట్టుకున్నాను. కాసేపటికి అది గాలిని పైకి లాగడం తెలిసింది. అప్పుడు చితుకులు అంటించాను. మంట పైనుంచి కిందికి, తొందర లేకుండా దిగింది. పొయ్యి తలుపు మూశాను. గాలి మూత మంటకు చాలినంత తెరిచాను. కట్టెలు ఏడవలేదు. పసుపుపచ్చని మంట, అంచుల్లో నీలం.

మామయ్య చూసి చూసి పెరట్లోకి వెళ్ళాడు. తల పైకెత్తి పొగగొట్టం వైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

"ఆరిపోయిందేమో చూడు. పైన పొగ కనబడటం లేదు" అన్నాడు.

"ఆరలేదు మామయ్యా. మండుతోంది."

మళ్ళీ చూశాడు. గొట్టం మీద గాలి మాత్రం సన్నగా వణుకుతోంది. లోపలికి వచ్చాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతులు చాచి వెచ్చచేసుకున్నాడు. కట్టెలు సగం కాలి నిప్పులవుతున్నాయి. ఆయన పక్కనున్న కట్టె ఒకటి తీసుకుని, పొయ్యి తలుపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు.

"ఇంకోటి ఎప్పుడు వెయ్యాలమ్మా?"

"మంట తగ్గి, నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడు. ఒక్కటే చాలు."

"ఊఁ" అని కట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అంతే.  నేను పనున్నదాన్లా వెనక్కి తిరిగి బకెట్టు సర్దుకున్నాను.

డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చింది, వెంట ఆసుపత్రి బండితో సహా. గదిలోకి రాగానే కోటు విప్పింది. తర్వాత స్వెట్టరూ విప్పింది. ముక్కు ఎగబీల్చింది. గోడ మీది డబ్బా, సందుగా తెరిచిన కిటికీ, కింది రాతిపలక, అన్నీ చూసింది. అత్తయ్య వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "ఇంకోసారి ఊపిరి తీసుకోండి" అంది. అత్తయ్య తీసుకుంది. ఈలలా వచ్చే చప్పుడు బాగా తగ్గింది.

"బండిని పంపించెయ్యండి" అంది డాక్టరమ్మ. "ఎవరు నడుపుతున్నారు ఈ పొయ్యి?"

నేను నోరు తెరిచేలోపే మామయ్య అన్నాడు. "డ్రైవరు మా కోడలండీ. నేను పక్కన బొగ్గేసే ఫైర్‌మ్యాన్ని. ఎప్పుడెయ్యమంటే అప్పుడేస్తా."

అత్తయ్య దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, ఏడుపుకో.

ఆ తర్వాత మామయ్యను పట్టుకోవడం మా వల్ల కాలేదు. రెండు ఎండుకట్టెలు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. వాళ్ళ కట్టెల గుట్ట ముందు నిలబడి ఒక్కొక్కటీ కొట్టి విని, "ఇది పచ్చిది. తీసెయ్. మా కోడలు చూసిందంటే ఊరుకోదు" అనేవాడు. నేనేమో ఎవరింటికీ వెళ్ళి ఎరగను. అయినా వీధిలో ఆడవాళ్ళు నన్ను చూడగానే పొయ్యి దగ్గరి బట్టలు గబగబా తీసేసేవాళ్ళు. పొగగొట్టాలావిడకు తీరికే లేకపోయింది. "మీ మామయ్య పుణ్యమా అని వీధంతా నాకు అత్తారిల్లయింది" అనేది. పచ్చిమొద్దులన్నీ చీల్పించి, వచ్చే చలికాలానికని ఎవరి చూరు కింద వాళ్ళచేత పేర్పించాడు. దర్జీ మాత్రం, "నాకు పిల్లనిచ్చేటప్పుడు మా మామగారు కూడా ఇంత తనిఖీ చెయ్యలేదండీ" అని వాపోయాడు.

ఒక మధ్యాహ్నం మంచు దట్టంగా పడింది. నేను కట్టెలకని షెడ్డులో ఉన్నాను, మామయ్య వీధి చివర ఎవరి పొయ్యికో పాఠం చెబుతున్నాడు. గోడ మీది డబ్బా అరిచింది.  కట్టెలు పారేసి పరుగెత్తాను. నేను గుమ్మం చేరేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీలూ తెరిచి ఉన్నాయి. అత్తయ్య శాలువా కప్పుకుని వీధరుగు మీద నిలబడి ఉంది. ఎవరి సాయమూ లేకుండా.

"లోపలికి వెళ్ళకే! గాలి మారనీ!" అంది, ఒక్క ఊపిరిలో. మధ్యలో ఆగకుండా.

గొట్టం మీది రేకుటోపీకి మంచు గడ్డకట్టి దారి మూసేసింది. పొగగొట్టాలావిడ వచ్చి కొట్టి తీసింది. ఆవిడ నిచ్చెన దిగుతుంటే అత్తయ్య కింద నిలబడి, "ఆ డబ్బా అరవగానే నేనే తలుపులు తెరిచానమ్మా. మా వాళ్ళెవరూ లేరు" అని చెప్పుకుంది. ఆ సాయంత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. దర్జీకైతే రెండుసార్లు చెప్పింది.

కరెంటు మా వీధికి ఆఖర్న వచ్చింది. మలుపులో స్తంభం ఎక్కింది మా ఆయనే. గడ్డం పెరిగి, పెదాలు పగిలి, గుర్తుపట్టడానికి లేకుండా ఉన్నాడు. పొద్దువాలే వేళకు లైన్ కలిపి, దిగి, మా మొహాలు చూద్దామని బూట్లతోనే పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి వీధి వీధంతా ఇళ్ళల్లోంచి కేకలు, చప్పట్లు. మా ముందుగదిలో లైటు భగ్గున వెలుగుతోంది. మూలన హీటరు కూడా గురగురలాడుతోంది. మేం ముగ్గురం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. అత్తయ్య కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఎంత చిక్కిపోయావురా" అంది. మా ఆయన తల్లి గొంతు విని, నా వైపు చూసి, మళ్ళీ తల్లిని చూశాడు. ఆవిడ గొంతులో ఈల లేదు.

అందరం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. మా ఆయన టవర్ల కబుర్లు చెబుతున్నాడు. మామయ్య కాసేపు విన్నాడు. తర్వాత కళ్ళు చికిలించి పొయ్యి అద్దంలోకి వంగాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు. చేత్తో నెత్తి మీది వెలుగును అడ్డుకుని చూశాడు.

"ఒరేయ్, ఆ లైటు కాస్త ఆర్పరా. మంట సరిగ్గా కనబడటం లేదు. నిప్పులయ్యాయో లేదో అమ్మాయి చూసుకోవద్దూ?"

ఆ లైటు కోసం చలికాలమంతా కొండల మీద వేళ్ళాడిన మా ఆయన నోరు తెరుచుకుని తండ్రి వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. నా వైపు చూశాడు. చూసి, చూసి, నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక గోడకు జారబడి నేల మీద కూలబడ్డాడు. నవ్వుతూనే చెయ్యి పైకి చాచి స్విచ్చి ఆర్పేశాడు.